మాయాబజార్ వెన్నెల ఏ డిస్కులో ఉంది?

మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి లెండి, టీవీ కింద అరలోనో బీరువా మీదనో, పాత సినిమాల డీవీడీలు. మల్లీశ్వరి, పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ. 2007లో మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకూ డీవీడీ 34 రూపాయలకూ అమ్మడం మొదలుపెట్టాక, మా కోయిలకుంట్లలాంటి ఊళ్లలో కూడా కూరగాయల సంచిలో వేసుకుని సినిమా ఇంటికి తెచ్చుకునే రోజులొచ్చాయి. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. వాళ్లు అమ్మిన సినిమాలు మాత్రం చాలా ఇళ్లలో ఇంకా ఆడుతున్నాయి.

మొన్న అమెరికా నుంచి సెలవులకొచ్చిన మా మేనల్లుడు ఆ అర చూసి, "మామా, ఇంగా ఇవేనా? ఈసారి వచ్చేటప్పుడు బ్లూ-రే ప్లేయర్ తెస్తా, అన్నీ మార్చేద్దాం" అన్నాడు. ప్రేమతో అన్న మాట. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఎందుకో చెబుతాను, కాసేపు కూర్చోండి.

ముందు లెక్క చూద్దాం. డీవీడీ బొమ్మలో అడ్డంగా 720 చుక్కలు, నిలువునా 576. అమెరికా పద్ధతిలో అయితే 480. బ్లూ-రేలో అడ్డంగా 1920, నిలువునా 1080. మన పద్ధతి డీవీడీతో పోలిస్తే సరిగ్గా ఐదింతలు. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. బ్లూ-రేకి 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజర్. కిరణం సన్నబడింది కాబట్టి డిస్కు మీద రాతా సన్నబడింది. అందుకే అదే కొలత డిస్కులో 8.5 జీబీ పట్టేచోట 50 జీబీ పట్టింది. మూడు గంటల మాయాబజార్‌ని డీవీడీలో సర్దాలంటే బొమ్మని ఎక్కడో ఒకచోట నొక్కక తప్పదు.

నొక్కుడు బయటపడేది చీకట్లో. ఇది నాకు చాలా ముఖ్యమైన సంగతి. మాయాబజార్‌లో పడవ పాట గుర్తు తెచ్చుకోండి. అభిమన్యుడు, శశిరేఖ, ఆ తర్వాత కృష్ణుడూ రుక్మిణీ, బలరాముడూ రేవతీ. ఆ నీళ్ల మీద వెన్నెల కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీది. చంద్రుడు ఇచ్చింది కాదు, కెమెరా ముందు ఆయన తయారుచేసింది. పట్టపగలు తీసి వెన్నెలగా మార్చిన ముక్కలు కూడా అందులో ఉన్నాయి. నలుపుకీ తెలుపుకీ నడుమ ఎన్ని బూడిదరంగులుంటాయో అన్నీ వాడుకున్నాడాయన. డీవీడీలో పక్కపక్కన ఉన్న ఆ ఛాయలు కలిసిపోయి మెట్లు మెట్లుగా, మరకలు మరకలుగా కనబడతాయి. పాత 21 అంగుళాల డబ్బా టీవీలో ఇది తెలిసేది కాదు. ఇప్పటి 55 అంగుళాల టీవీలో ఆకాశం మీద చారలు లెక్కపెట్టవచ్చు. బ్లూ-రే బాగా చేస్తే ఆ వెన్నెల మళ్లీ నున్నగా పరుచుకుంటుంది. ఆ ఒక్క పాట కోసమైనా డబ్బు పెట్టవచ్చని నా అభిప్రాయం.

బాగా చేస్తే, అన్నాను. అసలు చిక్కంతా అక్కడే. బోరులో నీళ్లు అడుగంటాక మోటారు హార్సుపవరు పెంచితే ఏమొస్తుంది? మన సీమలో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. పాత తెలుగు డీవీడీలు చాలావరకు కెమెరాలో తిరిగిన నెగటివ్ నుంచి వచ్చినవి కావు. నెగటివ్ నుంచి పాజిటివ్, దాన్నుంచి ఇంకో నెగటివ్, దాన్నుంచి ప్రింటు. ఆ ప్రింటు ఊరూరా ఆడి, గీతలు పడి, అతుకులు పడిన తర్వాత ఎప్పుడో టీవీ కోసం వీడియో టేపులోకి ఎక్కించారు. ఆ టేపే డీవీడీ అయింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా కనబడే పాత సినిమాలూ చాలావరకు ఆ టేపుల పిల్లలే, పైగా మూలన ఎవరిదో ముద్ర. అలాంటి టేపునే తీసుకొచ్చి బ్లూ-రే మీద అచ్చేస్తే మనకు దొరికేది పెద్ద సైజు గీతలు.

కాబట్టి కొనేముందు అట్ట వెనక చూడండి. నెగటివ్ నుంచి 2కే లేదా 4కే స్కాన్ చేశామని రాశారా? లేకపోతే జేబులోంచి చెయ్యి తీయకండి. బొమ్మ ఆకారమూ చూడండి. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం అల్లూరి సీతారామరాజు, 1974లో వచ్చింది. 1950లలో మన బొమ్మ దాదాపు చదరంగా ఉండేది. అది ఇప్పటి టీవీ నిండా కనబడిందంటే పైనా కిందా కోసేశారన్నమాట. పౌరాణికాల్లో ముందు తెగేవి కిరీటాలు! ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడిగా ఎదురుగా నిలబడితే కిరీటం సగం లేకుండా ఎవరికి చూడాలనిపిస్తుంది? అటూ ఇటూ నల్లపట్టీలు ఉంటేనే మర్యాద. ముఖాలు మైనం పూసినట్టు నున్నగా ఉన్నా వద్దు. ఫిల్మ్‌కి సహజమైన రేణువును యంత్రంతో తుడిచేశారని అర్థం, దానితోపాటు కంటి కింద ముడతా నుదుటి గీతా కూడా పోతాయి.

మాయాబజార్ రంగుల సంగతి అడుగుతారని తెలుసు. 1957 నాటి సినిమాకి హైదరాబాదు గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వాళ్లు రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కి మార్చి 2010 జనవరిలో విడుదల చేశారు. పెద్ద శ్రమ. థియేటర్లకు మళ్లీ జనం వచ్చారు, పిల్లలు ఘటోత్కచుడిని పెద్ద తెర మీద చూశారు, ఆ మేలు కాదనను. కానీ రీళ్లు బాగా చెడిపోయినచోట కొన్ని పాటలూ పద్యాలూ వదిలేసి నిడివి తగ్గించారు. బార్ట్‌లీ నలుపు తెలుపుల కోసం పెట్టిన దీపాల మీద తర్వాతివాళ్లు వేసిన రంగు అది. ఎంత స్పష్టంగా ఉన్నా దాన్ని అసలు సినిమా స్థానంలో పెట్టుకోలేను. మీ దగ్గర నలుపు తెలుపు డీవీడీ ఉంటే, ఎంత మసకగా ఉన్నా, పారేయకండి.

రంగుల సినిమాలది వేరే బాధ. తెలుగులో పూర్తి రంగుల్లో వచ్చిన మొదటి సినిమా లవకుశ, 1963లో. ఆ కాలపు రంగు ప్రింట్లలో నీలం, ఆకుపచ్చ ముందు వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది. అడవులు ఇటుకరంగులో కనబడే డీవీడీలు మీరూ చూసే ఉంటారు. చుక్కలు ఐదింతలైనా ఆ పచ్చదనం తిరిగి రాదు. రంగులు తెలిసినవాడు కూర్చుని సరిచేయాలి. 1980లో శంకరాభరణానికి బాలు మహేంద్ర ఎలాంటి వెలుతురు పట్టాడో తెలియాలన్నా అంతే.

ఇది చేయలేని పనేం కాదు. 1993లో లండన్‌లో ఒక ల్యాబులో మంటలు లేచి సత్యజిత్ రాయ్ నెగటివ్‌లు కాలాయి. కాలి ఎండిపోయిన ఆ ముక్కలను ఇటలీలోని బొలోన్యాలో మందులతో మెత్తబరిచి, అతికించి, స్కాన్ చేశారు. పూర్తిగా పోయినచోట వేరే ప్రింట్ల నుంచి తెచ్చి కలిపారు. 2015లో పథేర్ పాంచాలి, మిగిలిన రెండు అపు చిత్రాలూ బ్లూ-రేగా వచ్చాయి. మన మిస్సమ్మ తీసిన ఎల్.వి. ప్రసాద్ పేరు మీద నడిచే చెన్నై సంస్థ విదేశాల సినిమాలను కూడా స్కాన్ చేసి బాగుచేస్తోంది. అంటే పని తెలిసినవాళ్లు మన వాకిట్లోనే ఉన్నారు. 2025లో జగదేకవీరుడు అతిలోకసుందరి, శివ 4కేలో థియేటర్లకు తిరిగొచ్చాయి. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఊరూరా పాత సినిమాలు ఆడించింది. అదే శ్రద్ధ 1951 నాటి మల్లీశ్వరి దాకా వెనక్కి వెళ్లాలి.

ఎందుకంత పట్టుదల అంటారా? కె.వి. రెడ్డిది తాడిపత్రి. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములది పులివెందుల వైపు. మాకు దగ్గరి తాలూకాలవాళ్లు. మద్రాసు వెళ్లి వాహిని, విజయ అని రెండు పేర్లు నిలబెట్టారు, అన్నదమ్ములిద్దరూ ఫాల్కే అవార్డు తీసుకున్నారు. మా ఊళ్లో 1847లో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ 2019లో సైరాగా వచ్చింది. అది డిజిటల్‌లో పుట్టిన సినిమా, దాని కాపీకి గీతపడే భయం లేదు. మల్లీశ్వరికి ఆ భద్రత లేదు.

ఇక మేనల్లుడికి చెప్పింది మీకూ చెబుతాను. ప్లేయర్ తెచ్చుకోవచ్చు, బ్లూ-రే ప్లేయర్ డీవీడీలనీ ఆడిస్తుంది. కానీ అమెరికాది తెస్తే మూడు చూడాలి: 230 వోల్టులు తట్టుకుంటుందా, డిస్కు ఏ ప్రాంతానిదో చెప్పే రీజియన్ గుర్తు బ్లూ-రేలో అక్కడ ‘ఏ’ (A), మనకు ‘సీ’ (C), డీవీడీలో అక్కడ 1, మనకు 5. అన్ని రీజియన్లూ ఆడించేదే తీసుకోవాలి. శామ్‌సంగ్ 2019లోనే ఈ ప్లేయర్ల నుంచి తప్పుకుంది, కాబట్టి నాణ్యమైనది దొరికినప్పుడే కొనాలి. ముందు మార్చాల్సినవి రాత్రి సన్నివేశాలూ పెద్ద సెట్లూ ఉన్న సినిమాలు: మాయాబజార్, మల్లీశ్వరి, పాతాళభైరవి. గుండమ్మ కథ ఆగగలదు, సూర్యకాంతం గొంతు డీవీడీలో కూడా తగ్గలేదు. ఉన్న డీవీడీలను ఈలోపే హార్డ్ డిస్కులోకి ఎక్కించుకోండి. మన ఎండకి పడమటి గోడ పక్కన పెట్టిన డిస్కు ఎక్కువకాలం నిలవదు. నిలువుగా, పెట్టెలో, లోపలి గదిలో పెట్టండి.

ఇంకొక్కమాట, ఇది టాకీసులు నడిపిన కుటుంబాలకు. నంద్యాలలోనో జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో మూతపడిన హాలు గదిలో రేకు డబ్బాలుంటే, మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే, ఫిల్మ్ చెడడం మొదలైందని అర్థం. అప్పటికీ ఆలస్యం కాలేదు. వెండి తీసుకునేవాళ్లకు తూకానికి అమ్మకండి. పుణెలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. డబ్బా మీద పేరూ రీలు నంబరూ రాసుకుని వాళ్లకు ఒక ఉత్తరం పంపండి.