పెన్న ఎగువకు

మా కొడవలూరు పక్క పెన్న అంటే కాలవ నీళ్ళే. సంగం దగ్గర మళ్ళిన నీరు కనిగిరి రిజర్వాయరు మీదుగా మళ్ళలోకొస్తే నాట్లు పడతాయి. ఆ నీరు ఏ కొండలు దాటి వచ్చిందో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈ నీళ్ళతో పండిన అన్నం తినే ప్రతి ఇంటి నుంచీ ఒక్కరైనా ఎగువకు వెళ్ళి చూసి రావాలని నా కోరిక.

నంది కొండల్లో పుట్టి, గండికోట దగ్గర ఎర్రబండల్ని నిలువునా కోసి, సిద్ధవటం దాటిన పెన్న, సోమశిల దగ్గర వెలిగొండల్ని చీల్చుకుని మన మైదానంలోకి దిగుతుంది. అదే కొండల వరసలో దక్షిణాన పెంచలకోన. వానలు బాగా పడిన ఏడు గుడి దాటి కోనలోకి నడిస్తే జలపాతం. బండల మీద పాచి జారుతుంది. చెప్పులు చేత పట్టుకుని నడవడమే మేలు. చుట్టూ అంతా పెనుశిల నరసింహ అభయారణ్యం.

పెన్న లోయలో నన్ను పట్టి నిలిపింది మాత్రం కలివికోడి. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలున్న చిన్న పిట్ట. మన నెల్లూరులోనే సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డాన్ 1848లో దీన్ని గుర్తించాడు. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పొదల్లో మళ్ళీ దొరికింది. పగలు బయటికి రాదు. ముళ్ళపొదల మధ్య ఖాళీ నేల ఉంటే, రాత్రిపూట అక్కడ పురుగులు ఏరుకుంటుంది. పొదలు నరికినా, మరీ దట్టంగా అల్లుకున్నా దానికి బతుకు లేదు. ఈ పిట్ట కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది, తెలుగుగంగ కాలవ దారి మార్చుకుంది. కాలవ విలువ తెలిసిన మనకు ఆ నిర్ణయం ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

పెన్నలో కలిసే కుందూ లోయలో మహానంది ఊట ఉంది. భూమి లోపలి నీటి వేడి ఏడాదంతా పెద్దగా మారదు కాబట్టి, చలికాలం తెల్లవారుజామున కోనేట్లో దిగితే ఒళ్ళు వెచ్చబడుతుంది, ఎండాకాలం అదే నీరు చల్లగా తగులుతుంది. అడుగున పడిన నాణెం పైకి స్పష్టంగా కనబడుతుంది.

కార్తీకం వానలు వెలిశాక బయల్దేరండి. పిల్లల్ని తీసుకెళ్ళండి, ప్లాస్టిక్ సీసాలు కోనలో పారేయకుండా వెనక్కి తెచ్చుకోండి. అటవీశాఖ అనుమతి లేకుండా కలివికోడి పొదల్లోకి మాత్రం అడుగు పెట్టకండి.