అడిగి పుచ్చుకున్న బదిలీ

బడిపంతుళ్ళ ఇళ్ళలో పుట్టిన పిల్లలకు బదిలీ కొత్త కాదు. రెండు ట్రంకు పెట్టెలు, ఒక నవారు మంచం, గోనెసంచిలో చుట్టిన ఆవకాయ జాడీ, వాటి వెనుక మేము. మా నాన్నగారు తూర్పు గోదావరి జిల్లాలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన కాలంలో ఇలా నాలుగుసార్లు ఊరు మారాం. మూడు బదిలీలు పైవాళ్ళు చేసినవి. నాలుగోది ఆయన అడిగి పుచ్చుకున్నది. అమ్మ పుట్టిల్లు కోనసీమ కాబట్టి అటు వెళ్ళామని నేను అనుకున్నాను. ఏడవ తరగతి మధ్యలో నేస్తాలందరినీ వదిలి కోటిపల్లి రేవు దాటిన నాటి కినుక మాత్రం నాలో చాలాకాలం ఉండిపోయింది.

దాని అసలు సంగతి హనుమ విహారి పుణ్యమా అని తెలిసింది.

క్రికెట్టు చూడని మిత్రుల కోసం నాలుగు మాటలు. విహారి 1993లో కాకినాడలో పుట్టాడు. చిన్నతనంలోనే హైదరాబాదు చేరి, పన్నెండేళ్ళకే తండ్రిని పోగొట్టుకొని, ఆటనే పట్టుకున్నాడు. 2018లో ఓవల్ మైదానంలో తొలి టెస్టు ఆడి 56 పరుగులు చేశాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం చిట్లినా 161 బంతులు ఎదుర్కొని, 23 పరుగులతో అజేయంగా నిలిచి, అశ్విన్‌తో కలిసి ఓడవలసిన ఆటను నిలబెట్టాడు. ఆ పూట నాన్నగారు టీవీ ముందు నుంచి లేవలేదు. కాఫీ చల్లారిపోయింది.

అయితే అతని మీద నాకు ఒక చిన్నచూపు ఉండేది. రంజీలో హైదరాబాదు తరఫున మొదలుపెట్టి ఆంధ్రాకు వచ్చాడు. 2021లో తిరిగి హైదరాబాదుకు వెళ్ళి, మరుసటి ఏడాదే మళ్ళీ ఆంధ్రాకు వచ్చాడు. "ఈ కుర్రాడికి కాలు ఒకచోట నిలవదండీ" అని నాన్నగారితో అనేవాణ్ణి. ఆయన బదులు పలికేవారు కారు.

2023లో ఇందూరులో మధ్యప్రదేశ్‌తో క్వార్టర్ ఫైనల్. ఆవేశ్ ఖాన్ బంతికి విహారి ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతి వాటం మనిషి, విరిగిన చేతికి దెబ్బ తగలకుండా ఎడమవైపుకు తిరిగి నిలబడి, ఒంటిచేత్తో ఆడాడు. రెండు ఇన్నింగ్సులలోనూ అలాగే దిగాడు. ఆంధ్రా ఓడింది. ఆ రోజున నా నోరు కొంత మూతపడింది.

2024 ఫిబ్రవరి 26న మళ్ళీ ఇందూరు, మళ్ళీ మధ్యప్రదేశ్. 170 పరుగుల లక్ష్యం, ఆంధ్రా 165కే ఆలౌటు. విహారివి 55. ఆ ఓటమి వేడి ఆరకముందే ఇన్‌స్టాగ్రామ్‌లో అతని లేఖ వచ్చింది. బెంగాల్‌తో ఆడిన మొదటి ఆటలో పదిహేడవ ఆటగాణ్ణి మందలించాననీ, ఆ కుర్రవాడి తండ్రి రాజకీయ నాయకుడనీ, ఆయన ఒత్తిడి మీద తనను నాయకత్వం నుంచి తప్పుకోమన్నారనీ, ఆత్మగౌరవం పోయినచోట ఇక ఆడననీ దాని సారాంశం. అందులో నిజం లేదని ఆ కుర్రవాడన్నాడు. విహారి దుర్భాషలాడినట్టు ఫిర్యాదులున్నాయని క్రికెట్ సంఘం ప్రకటించింది. ఎవరి మాట ఎంత నిజమో తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు.

ఆ వారం నేను ఇంటి దగ్గరే ఉన్నాను. లేఖను తెలుగు చేసి చదివి వినిపించాను. నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నన్ను ఈల ఇచ్చెయ్యమన్నార్రా" అన్నారు.

అప్పుడు చెప్పారు. బడి వాలీబాలు జట్టు ఆయన పెంచినదే. సాధనకు రాని పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టారు. వాడి తండ్రి ఊరి పెద్ద. రెండు రోజుల తరువాత, జట్టును మరొక మాస్టారు చూసుకుంటారు, ఈల ఆయనకు అప్పగించండి అన్నారు. అప్పగించారు. ఆ ఏడాది పోటీలలో మా బడి చివరి ఆటలో రెండు పాయింట్ల తేడాతో ఓడింది. "వేపచెట్టు కింద నిలబడి చూశాను. మన పిల్లలే. ఓడిపోతుంటే ఒక్క మాట చెప్పడానికి లేదు." మర్నాడు బదిలీకి దరఖాస్తు రాశారట. అమ్మకు కూడా కారణం చెప్పలేదట.

ఏడవ తరగతి నాటి నా కినుకను ఇక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అమెరికా కళాశాలల ఫుట్‌బాలులో ఇటువంటి వలస కోసం 2018 నుంచి ఒక పద్ధతే ఉంది. పొసగని క్వార్టర్‌బ్యాక్ తన పేరు నమోదు చేసుకుంటే చాలు, వేరే కళాశాలలు కబురు పంపవచ్చు. మనవద్ద పాత సంఘం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక విహారికి ఆ పత్రం దొరికింది. అయినా అతను ఆంధ్రాలోనే ఉంటానన్నాడు. సంతోషించాను. కాని ఒక బ్యాట్స్‌మన్ సొంత జట్టులో ఉండాలంటే ప్రభుత్వం మారవలసి రావడం ఆటకు శోభనిచ్చే విషయం కాదు.

2025 ఆగస్టులో మళ్ళీ బయలుదేరాడు, ఈసారి త్రిపురకు. రచ్చ లేదు. ఫోనులో నాన్నగారికి చెప్పాను. కాలు నిలవదన్న పాత మాట నోటిదాకా కూడా రాలేదు.

"అగర్తలానా?" అన్నారు. "అక్కడా మన గోదావరిలాగే వానలెక్కువటరా. మైదానం ఆరడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఏమో."