ఋషివ్యాలీ లోయయు, పొరుగు పల్లెలును

తిరుపతినుండి పీలేరు, వాయల్పాడుల మీదుగా మదనపల్లెకు బోవు బాట చూడదగినది. పచ్చని మాగాణులకు అలవాటుపడిన మావంటి కృష్ణాతీరవాసుల కన్నులకు ఆ సీమ మొదట కఠినముగ దోచును. ఎచ్చట జూచినను ఏనుగులు పండుకొన్నట్లు పెనుగుండ్లు. వాని నడుమ ఎఱ్ఱనేల. ఆ నేలపై వేరుసెనగ చేలు, టమాటా తోటలు. వాయల్పాటికి వాల్మీకిపురమని వేఱొక పేరు. అచ్చట పట్టాభిరామస్వామి కోవెల ప్రసిద్ధము. ఆదికవి పేరు దాల్చిన యూరు దాటి, ఋషుల పేరు దాల్చిన లోయకు బోవుచుంటిమి గదా యని మాకు లోలోన ముచ్చట గలిగినది.

మదనపల్లె సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైని నున్నది. ఎండవేళ కూడ గాలి చల్లగా వీచును. అచ్చటి టమాటా సంతకు దేశమంతట పేరు. అంతకన్న మిన్నయైన పేరు విద్యవలన వచ్చినది. అనీ బిసెంటమ్మగారి పేర వెలసిన కళాశాల 1915 నుండి యున్నది. రవీంద్రనాథ ఠాకూరు 1919 లో ఆ కళాశాలలో విడిదిచేసి తమ 'జనగణమన' గీతమును ఆంగ్లములోనికి మార్చినది ఇచ్చటనే. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895 లో జన్మించినదియు ఈ పట్టణముననే.

మేము ఈ ప్రయాణము పెట్టుకొనుట వినోదముకొఱకే కాదు. మా యూర నొక ప్రైవేటు పాఠశాల కలదు. దాని పేరు ఇచ్చట అనవసరము. అట్టివి ప్రతి పట్టణమునను గలవు. అద్దెయింట నారంభమైన యా బడి నేడు నాలుగంతస్తుల మేడ యైనది. ప్రక్కనున్న రెండు చేలను గొన్నది. ఇప్పుడు చెఱువుగట్టు ప్రక్క పోరంబోకును ఆటస్థలమునకై ఇమ్మని అడుగుచున్నది. ఊరు రెండుగా జీలినది. నేలల ధరలు పెరుగును, పదిమందికి పని దొరకును అని కొందఱి వాదము. గొడ్లు నీళ్లకు ఏ దారిని దిగును, చాకలివారు బట్టలెచ్చట నారవేయుదురు అని మఱికొందఱి ప్రశ్న. మా వారు పనిచేయు జిల్లాపరిషత్తు పాఠశాలలోనో, ఏటేట పిల్లల సంఖ్య తగ్గుచున్నది. 'బడి పెరుగుట శుభమే గదా, దానికి అడ్డుచెప్పుట పాపము కాదా, అక్కయ్యగారూ?' అని ఇరుగుపొరుగు స్త్రీలు మమ్ము నడిగిరి. పంతులుగారి భార్యము గనుక మాకు తెలిసియుండునని వారి నమ్మకము. వారికి బదులు చెప్పకముందు, చిరకాలముగా పెరిగిన బడి నొకదానిని, దాని పొరుగు పల్లెలతో గూడ గన్నులార జూడవలెనని తోచినది.

మదనపల్లెకు సుమారు 16 కిలోమీటర్ల దూరమున ఋషికొండ యను కొండ కలదు. పూర్వము ఋషులు తపస్సు చేసిన చోటని స్థలవాసులు చెప్పుదురు. దాని పాదమున నున్న లోయలోనే ఋషివ్యాలీ పాఠశాల. కృష్ణమూర్తిగారి సంకల్పమున 1926 లో ఇచ్చటి నేల సేకరింపబడినది. అప్పుడీ లోయలో నొక మహావటవృక్షము ఉండెననియు, దానిని జూచియే ఆయన ఈ చోటు నెంచుకొనెననియు ప్రతీతి. తక్కినదంతయు బీడు. రెండు ఋతుపవనములును ఈ సీమకు మిగిలిన చినుకులనే విదుల్చును. మూడేండ్ల కొకసారి కఱవు చుట్టము వచ్చినట్లు వచ్చును. అట్టి నేలలో బడి కట్టుట కన్న చెట్టు నాటుట కష్టము.

ముందుగ అనుమతి గైకొని లోనికి బోయితిమి. మూడువందల యెకరములకు మించిన యావరణము. అయినను భవనములు కంటికి ముందుగ గనబడవు. వేప, కానుగ, చింత, మామిడి గుబురుల నడుమ పెంకుటిండ్లు దాగియున్నవి. సాయంకాలమున బాలబాలికలందఱు ఒక మెట్టకు జేరి, పడమటి కొండల వెనుక సూర్యుడు గ్రుంకువఱకు మాటాడక కూర్చుందురు. ఆ వేళకును ఆ చోటికిని 'అస్తాచల'మని పేరు. ప్రబంధములలో వర్ణనకొఱకై చదివిన యా మాట నిచ్చట పిల్లలు దినచర్యగా అనుభవించుట చూచి మాకు మనసు నిండినది. కణ్వాశ్రమమున శకుంతల మొక్కలకు నీరు పోయనిదే తాను త్రాగదని చదివియుంటిమి. చెట్టును తోబుట్టువుగా నెంచు విద్య మన దేశమునకు క్రొత్త కాదు.

ఈ బడి పెరిగిన తీరు రెండు విధములు. ఆ రెండును మేము శ్రద్ధగ జూచితిమి.

మొదటిది నేలమీది పెరుగుదల. చుట్టునున్న కొండలు వంటచెఱకునకై నరుకబడి, మేకలచే మేయబడి, వట్టి బండలై మిగిలియుండెను. వాన కురిసినప్పుడు నీరు నిలువక మట్టిని గూడ దీసికొని పాఱిపోవుచుండెను. 1980 తరువాతి దశకమున పాఠశాలవారు ప్రభుత్వపు కొండభూమిని కౌలునకు గైకొని, పశువులను రానీయక, వాలునకు అడ్డముగా రాతికట్టలు వేయించి, ఆ నేలకు సహజములైన చెట్లను నాటించిరి. నీరింకు కుంటలు త్రవ్వించిరి. గడ్డి మొలచిన పిమ్మట పొదలు, పొదల వెనుక చెట్లు, చెట్ల వెంట పక్షులు వచ్చినవి. 1991 లో ఈ లోయ పక్షిసంరక్షణ స్థలముగా ప్రకటింపబడినది. దక్షిణదేశపు రాతికొండలలోనే అరుదుగ గనబడు పసుపుగొంతు పికిలిపిట్ట యిచ్చట గలదు. వేయి అడుగుల లోతునకు బోరు వేసినను నీరు దొరకునో లేదో యను సీమలో, కొండమీద పడిన చినుకును కొండలోనే యింకించుట యెంతటి యుపకారమో ఆ ప్రాంతపు స్త్రీలకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

కాని ఉపకారమునకు వెలయు గలదు. లోయ వెలుపలి బాటలో కట్టెలమోపు దించుకొని కూర్చున్న యొక ముదుసలిని బలుకరించితిమి. ఆమె మాటలు యథాతథముగ వ్రాయుచున్నాము: 'మా చిన్నప్పుడు ఈ కొండ బోడిగుండు మాదిరి ఉండె తల్లీ. యాడబడితే ఆడ మేకల్ని తోలుకుంటా ఉంటిమి. ఆమీట ఆడికి తోలొద్దని చెప్పిరి. ఆ పొద్దు మాకు శానా కోపం వచ్చె. కట్టెలకు దూరం పోవాల్సొచ్చె. ఇప్పుడు చూస్తే పచ్చగా బాగుండాది. బాగుండాది గానీ, ఆ దూరం నడిసిన కాళ్లు మావి గదమ్మా!'

ఆ తుదిమాట మమ్ములను వదలలేదు. మేలు ఊరందఱిదియైనను, దాని బరువు మొదట మోయునది పేదయింటి ఆడుదాని తలయే. మేక యొకటే ఆస్తిగా గలవారికి కొండ మూసివేయుట యన, మనయింటి పాలకుండ నెవరో యెత్తుకొని పోయినట్లే. ఏ బడి విస్తరించినను, ఎంతటి సదుద్దేశముతో విస్తరించినను, 'ఆ దూరము నడిచిన కాళ్లెవరివి?' అని ముందుగ నడుగవలెను.

రెండవ పెరుగుదల గోడ వెలుపల జరిగినది. నగరములనుండి వచ్చి, పెద్ద రుసుములు చెల్లించి చదువు బిడ్డలకొఱకు కట్టిన బడి, తన పొరుగున గొఱ్ఱెలు గాచు బిడ్డలను మఱచి యుండినచో దానిని తప్పుపట్టువారు లేకపోదురు గాక. కాని దాని చదువు సగమై యుండెడిది. ఆ లోటు తెలిసి వారు గ్రామీణవిద్యా కేంద్రమును నెలకొల్పిరి. దాని యాధ్వర్యమున చుట్టుపట్ల పల్లెలలో పదికి పైగా చిన్నబడులు వెలసినవి. పద్మనాభరావుగారును, ఆయన సతి రమగారును ఈ పనికి ముఖ్యులు. పల్లెబడిలో ఉపాధ్యాయు డొక్కడే, తరగతులు అయిదు. పిల్లలు కోతలకాలమున రారు, వచ్చినప్పుడు వెనుకబడుదురు, వెనుకబడిన సిగ్గుచే మఱి రారు. దీనికి వీరు కనిపెట్టిన యుపాయము చిన్నది, చక్కనిది. పాఠ్యపుస్తకమును విడదీసి చిన్న చిన్న చీటీలుగ జేసిరి. గోడకు బొమ్మలతో నొక నిచ్చెన వ్రేలాడగట్టిరి. బిడ్డ తా నే మెట్టుమీద నున్నదో తానే చూచుకొని, తన చీటీ తానే తెచ్చుకొని, తోడివారితో గూడి నేర్చుకొనును. పదిదినములు రాని బిడ్డ, తిరిగి వచ్చి తాను విడిచిన మెట్టుననే యెక్కును. ఆ పల్లెల యువతీయువకులనే శిక్షణమిచ్చి ఉపాధ్యాయులను జేసిరి. పల్లెలో వినబడు కథలు, సామెతలు పాఠములైనవి. తల్లుల సంఘము లేర్పడినవి. 'మెట్రిక్ మేళా' యను సంతలో పిల్లలే తక్కెడ పట్టి సరకులు తూచి, తల్లులకే యమ్మి లెక్క గట్టుదురు.

ఈ నిచ్చెనచదువు లోయ దాటి చాల దూరము బోయినది. 1995 లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ప్రాంతపు ఉపాధ్యాయులు దీనిని జూచి పోయి 'నలి-కలి' యని కన్నడ బడులలో నారంభించిరి. 2003 లో చెన్నపట్టణపు కార్పొరేషను బడులును చేపట్టగా, పిమ్మట తమిళనాడంతట వ్యాపించినది. ఇవన్నియు సర్కారు బడులే. ప్రైవేటు పాఠశాల యొకటి పొరుగువారి పిల్లలను లాగికొనక, పొరుగు బడులకే బలమిచ్చుట మేము క్రొత్తగ జూచితిమి. మా వారు ఆ చీటీలను చేతబట్టుకొని చాలసేపు వదలలేదు.

అంతమాత్రమున అన్నియు సరిపోయినవని మేము చెప్పజాలము. ఒకే లోయలో రెండు విధములైన బడులు. ఒకదానిలో ధనికుల బిడ్డలు, వేఱొకదానిలో మేకలకాపరుల బిడ్డలు. గాలి యొకటే, కొండ యొకటే, చదువు మాత్రము రెండు. దుష్యంతు డంతటివాడు ఆశ్రమమున నడుగిడునప్పుడు ఆభరణములు దీసి, విల్లు విడిచి, వినీతవేషమున బ్రవేశించెను. నేడు దేశమందలి ప్రైవేటు బడులలో ఆభరణములే ముందు ప్రవేశించుచున్నవి. ఆ దోషమును ఈ లోయ ఒక్కతే తీర్పజాలదు. తీర్పజాలకపోయినను, పొరుగున కొంత అప్పు పడియున్నదని యెఱిగి నడచుకొనుచున్నది. ఆ యెఱుక చాలచోట్ల లేదు.

మన పెద్దలు సప్తసంతానములని చెప్పిరి. కొడుకు, చెఱువు, వనము, కావ్యము, దేవాలయము, అగ్రహారము, నిధి. కన్నవారు పోయినను నిలుచునవి గనుక వానికి సంతానమని పేరు. అందు బడికి వేఱుగ పేరు లేదేమని మేము చిన్ననాడు మా తండ్రిగారి నడిగితిమి. 'బడి యనునది ఆ యేడింటిని కనునది, అమ్మా' అని వారు నవ్విరి. బడి తన పెరుగుదలలో చెఱువును, వనమును గన్నచో అది వంశవృద్ధి. ఉన్న చెఱువును మ్రింగి పెరిగినచో దానిని వృద్ధి యనుట యెట్లు?

ఇంటికి వచ్చిన పిమ్మట మా పొరుగువారికి ఇదే చెప్పితిమి. బడి పెరుగుట పాపము కాదు, అడ్డుచెప్పుటయు పుణ్యము కాదు; అడుగుట మన హక్కు. ఇరువదిముగ్గురు స్త్రీలము గూడి పురపాలక సంఘమువారికి నొక అర్జీ వ్రాసితిమి. అందు నాలుగే ప్రశ్నలు. చెఱువునకు దిగు దారి నెప్పటికిని తెఱచియుంతురా? ఆటస్థలము సాయంకాలమున ఊరి పిల్లలకును, ముఖ్యముగ ఆడపిల్లలకును దొరకునా? వాననీరు చెఱువునకు జేరు కాలువను మూయక, బాగుచేయించి యిత్తురా? పొరుగునున్న సర్కారు బడికి మీ గ్రంథాలయము, ప్రయోగశాల వారమున కొకనాడైనను తెఱతురా?

వ్రేలిముద్ర వేయవచ్చిన చాకలి ముత్తమ్మమ్మ, అర్జీ నంతయు చదివించుకొని విని, 'అయిదోది కూడా రాయండమ్మా. బట్టలారేసుకునే చోటు ఎక్కడో అడగండి' అన్నది. వ్రాసితిమి. బదులింకను రాలేదు. తమ యూళ్లలోను ఇట్టి చర్చ వచ్చినప్పుడు, సోదరీమణులు గోడ యెత్తు గొలుచుటకు ముందు ఆ గోడ వెలుపల నెవరు నిలుతురో లెక్కించి, వారిచేతనే అయిదవ ప్రశ్న వ్రాయింతురని కోరుచున్నాము.