పావలా పుస్తకానికి ముప్పావలా పోస్టేజీ

మా నాయన రిటైరైన పంతులు. మైపాడులో మా ఇంటి వరండాలో పిల్లలచేత పుస్తకాలు చదివిస్తుంటాడు. ఆయన కోసం డాలస్ లైబ్రరీ సేల్స్‌లో డాలరుకొకటి చొప్పున బొమ్మల పుస్తకాలు ఏరితే ముప్పై కిలోలయ్యాయి. పోస్టాఫీసులో రేటు వినగానే కళ్ళు తిరిగాయి. పుస్తకాల ఖరీదు కంటే ఎక్కువ! ఒకప్పుడు ఎం-బ్యాగ్ సంచిలో వేస్తే ఓడలో చవగ్గా వెళ్ళేవి, నెలలు పడితే పట్టనీ. 2007 మేలో అమెరికా తపాలా శాఖ ఆ ఓడ సర్వీసు ఎత్తేసింది. ఇప్పుడా సంచి విమానమెక్కాల్సిందే. (2019 బడ్జెట్‌లో విదేశీ పుస్తకాలమీద మనవాళ్ళేసిన 5 శాతం సుంకం సంగతి సరేసరి.) మా ఊరికి దక్షిణాన కృష్ణపట్నం రేవుకి ఓడలొస్తూనే ఉన్నాయి, తపాలా సంచికి మాత్రం చోటు లేదు.

నాయనకి ఫోన్లో ఇదంతా ఏకరువు పెట్టాను.

"పుస్తకాలు సరే, నువ్వెప్పుడొస్తావబ్బయా?" అన్నాడు.

నేనెళ్ళి నాలుగేళ్ళయింది. మా ఆవిడ అప్పుడే పెట్టె తూకమేస్తోంది, 23 కిలోలు దాటకూడదు కదా.