ఎడారి ఎండలో ఇళ్ళ బేరం

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన సామెత. ఆ నాలుగు రోజులూ ఎలాగో ఓర్చుకుంటాం. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో మాత్రం ఆ కార్తె మే నెలాఖరున పట్టుకుంటే సెప్టెంబరు దాకా వదలదు! అరిజోనా రాష్ట్రంలో, సొనోరా ఎడారిలో ఉన్న ఊరది. 1990 జూన్ 26న అక్కడ 50 డిగ్రీల ఎండ కాసింది. 2023లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. అంత ఎండలో ఇళ్ళు చూడటానికి ఎవరైనా తిరుగుతారా అంటారేమో. తిరుగుతారండీ!

చలికాలంలో అక్కడ ఇళ్ళు అమ్మేవాళ్ళకి పండగే. మంచు పడే రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి పెద్దవాళ్ళు వచ్చి వాలతారు. వాళ్ళని 'మంచు పిట్టలు' అంటారు. ఎండలు ముదిరేసరికి పిట్టలు ఎగిరిపోతాయి. మిగిలేది పిల్లలున్న సంసారులు. అక్కడ చాలా బడులు జులై ఆఖరునో, ఆగస్టు మొదట్లోనో తెరుస్తారు. ఆలోగా కొత్తింట్లో చేరాలి. అందుకే వేసవిలో వచ్చేవాళ్ళు తక్కువైనా, కాలక్షేపానికి మాత్రం రారు.

మీ అమ్మాయి అక్కడ ఇల్లు అమ్మకానికి పెట్టిందనుకోండి. వచ్చేవాళ్ళు గుమ్మం దాటేసరికి ఇల్లు చల్లగా ఉండాలి. చల్లటి మంచినీళ్ళు సిద్ధంగా పెట్టాలి. ఆ పూట ఇంగువ పోపు వద్దు సుమా! కిటికీలన్నీ బిగించి ఏసీ నడిపే ఇంట్లో ఆ వాసన ఓ పట్టాన పోదు. చెప్పులు బయట విడిపించే మన అలవాటు కూడా అక్కడ పనికిరాదు. మధ్యాహ్నం ఆ సిమెంటు నేల మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది. చెప్పుల స్టాండు గుమ్మం లోపలే ఉంచాలి.

ఇక కొనేవాళ్ళ సంగతి. ఎండకి జడిసి పొద్దున్నే ఏడింటికి ఇల్లు చూసి వచ్చేస్తారు చాలామంది. ఆ వేళకి ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి మరోసారి వెళ్ళమనండి. మనవాళ్ళు వాస్తు చూసి తూర్పు ముఖం ఇల్లు కావాలంటారు. వీధి గుమ్మం తూర్పున ఉంటే పెరడు పడమరకి పడుతుంది. పెద్ద పెద్ద అద్దాల తలుపులు సాధారణంగా పెరటి వైపే ఉంటాయి. పడమటెండంతా హాల్లోకే! అక్కడివాళ్ళు ఉత్తర, దక్షిణాలు చూసే ఇంటికి మొగ్గు చూపేది ఇందుకే. వాస్తు వదులుకోలేమంటే, పెరటి వైపు నీడ చెట్లో, పందిరో ఉందా అని చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఏసీ. దాని వయసెంత, ఎప్పుడు బాగుచేయించారు, జులై నెల కరెంటు బిల్లు ఎంత? ఈ మూడూ మొహమాటపడకుండా అడగాలి. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో 2023లో ఎండ వేడిమి కారణంగా 645 మంది చనిపోయారు. ఇళ్ళలోనే పోయినవాళ్ళలో, ఏసీ ఉండీ పనిచేయక పోయినవాళ్ళు ఎందరో! అక్కడ ఏసీ దర్జా కోసం కాదు, ప్రాణం కోసం.

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా అక్కడా వానల కాలమే. ముందు గోడలా ధూళి లేస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా వాన దంచుతుంది. పైకప్పు కారుతుందో లేదో అప్పుడే తేలిపోతుంది.

అమ్మేవాళ్ళయినా ఇవన్నీ దాచి లాభం లేదు. కరెంటు బిల్లులు, ఏసీ రసీదులు బల్లమీద పెట్టి, "సాయంత్రం కూడా వచ్చి చూడండి" అన్నారనుకోండి, కొనేవాళ్ళకి సగం అనుమానం అక్కడే తీరిపోతుంది. పెళ్ళిచూపుల్లో ముస్తాబు చూసి మురిసిపోతే చాలదు కదా! నడివేసవి మధ్యాహ్నం నచ్చిన ఇల్లు ఏడాది పొడుగునా నచ్చుతుంది.