చుక్కల లెక్క

బైపీసీ తీసుకున్న అమ్మాయిలు చాలామంది పదో తరగతి పరీక్షలతోనే లెక్కలతో పని తీరిపోయిందనుకుంటారు. నర్సింగ్‌లో చేరాక అవే లెక్కలు మళ్లీ ఎదురొస్తాయి, ఈసారి పేషెంటు మంచం పక్కన. మొదటి సంవత్సరంలోనే మేడమ్ బోర్డు మీద సూత్రం రాశారు: ఎక్కించాల్సిన మిల్లీలీటర్లను, సెలైన్ గొట్టం (సెట్టు) మిల్లీలీటరుకు ఇచ్చే చుక్కలతో గుణించి, నిమిషాలతో భాగించాలి. అర లీటరు సెలైన్ నాలుగు గంటల్లో వెళ్లాలి, సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది. 500ని 20తో గుణిస్తే 10,000. దాన్ని 240తో భాగిస్తే 41.67. నిమిషానికి 42 చుక్కలు. అందరం బట్టీ పట్టాం.

బట్టీ పట్టిన సూత్రంతో ఒక చిక్కుంది. అంకెల్ని అటూ ఇటూ మార్చి వేసినా అది ఏదో ఒక జవాబు ఇస్తుంది, తప్పని మాత్రం చెప్పదు. నాకు ధైర్యం వచ్చింది హైస్కూల్లో నేర్పిన ఏకవస్తు పద్ధతి వల్ల. నాలుగు గంటలకు 500 మి.లీ. అయితే గంటకు 125. నిమిషానికి రెండు మి.లీ. పైన కొంచెం. మిల్లీలీటరుకు 20 చుక్కలు గనక నలభై దాటుతుంది. ఇలా వస్తే ఏ మెట్టు దగ్గరైనా ఆ అంకె దేనిదో మనకు తెలుస్తూనే ఉంటుంది. చేతిలో 420 తేలితే వెంటనే అనుమానం వస్తుంది: సెకనుకు ఏడు చుక్కలంటే అవి చుక్కలు కావు, ధార. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇదే తరహా లెక్క అయిన త్రైరాశికానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంత పాత లెక్క ఈనాటికీ వార్డులో అక్కరకొస్తుండటం నాకెంతో ఇష్టమైన సంగతి.

పిల్లల వార్డుకు పోస్టింగ్ పడ్డాక సెట్టు మారింది. మైక్రో సెట్టులో మిల్లీలీటరుకు 60 చుక్కలు. గంటకు 60 నిమిషాలు గనక గంటకు ఎన్ని మి.లీ. అయితే నిమిషానికి అన్నే చుక్కలు, లెక్కే అక్కర్లేదు. అమెరికాలో హాలిడే, సెగర్ అనే డాక్టర్లు 1957లో చెప్పిన పద్ధతి ప్రకారం పిల్లల బరువులో మొదటి పది కిలోలకు రోజుకు కిలోకి 100 మి.లీ., ఆ తర్వాతి పదికి కిలోకి 50 మి.లీ. చొప్పున కట్టాలి. పన్నెండు కిలోల పిల్లాడికి రోజుకు 1,100 మి.లీ., అంటే గంటకు దాదాపు 46. మైక్రో సెట్టులో 46 చుక్కలు. అదే 46ని పెద్దవాళ్ల సెట్టులో పెడితే గంటకు 138 మి.లీ. పోతుంది, సరిగ్గా మూడు రెట్లు. జవాబు సరిగ్గా ఉన్నా పిల్లాడికి అపాయమే. అందుకే సెట్టు కవరు మీద రాసింది చదవకుండా చుక్కలు లెక్కపెట్టకూడదంటాను.

పెట్టిన చుక్కలు పెట్టినట్టే ఉండవు కూడా. పేషెంటు మోచెయ్యి మడిస్తే నెమ్మదిస్తాయి. "సిస్టర్, ఇంకెంతసేపు పడుద్ది?" అని అడిగి అడిగి, ఇంటికి తొందరగా వెళ్లాలని గొట్టం మీది రోలర్ తిప్పేసే బంధువులూ ఉంటారు. వాళ్ల మీద విసుక్కోవడం కంటే, ఇది వేగంగా పోతే గుండెకీ ఊపిరితిత్తులకీ బరువవుతుందని ఒక్క మాట చెబితే చాలామంది వింటారు. బాటిల్ పొడవునా ప్లాస్టర్ అంటించి గంట గంటకు గీత పెడితే, దారిలో పోతూ చూసినా తేడా తెలిసిపోతుంది.

అసలు లెక్క నేర్చుకున్నది మాత్రం ప్రసూతి వార్డులో, మెగ్నీషియం సల్ఫేట్ దగ్గర. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే ఇచ్చే మందు అది. చిన్న ఆంపూల్ మీద 50 శాతం, 2 మి.లీ. అని ఉంటుంది, గ్రాములెన్నో వెతుక్కోవాలి. 50 శాతమంటే 100 మి.లీ.లో 50 గ్రాములు, మిల్లీలీటరుకు అర గ్రాము, ఆంపూల్‌కి ఒక గ్రాము. మొదటి డోసు నాలుగు గ్రాములంటే నాలుగు ఆంపూళ్లు, 8 మి.లీ. దానికి 12 మి.లీ. సెలైన్ కలిపి 20 మి.లీ. చేసి నెమ్మదిగా ఇవ్వాలి. తర్వాత గంటకు ఒక గ్రాము చొప్పున పంపులో పెట్టమన్నారనుకోండి. పది ఆంపూళ్లు తీసి మొత్తం 50 మి.లీ. చేస్తే మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములు. గంటకు 5 మి.లీ.

ఇక్కడితో లెక్క అయిపోయిందనుకుంటే పొరపాటు. ఈ మందు ఒంట్లోంచి పోయేది మూత్రంలోనే. మూత్రం గంటకు 30 మి.లీ. కంటే తగ్గితే అదే 5 మి.లీ. ఒంట్లో పేరుకుపోతుంది. అందుకే మూత్రం కొలవాలి, శ్వాస నిమిషానికి 16కి తగ్గకుండా చూడాలి, మోకాలి చిప్ప కింద తట్టి కాలు ఎగురుతోందా లేదా గమనించాలి. మందు ఎక్కువైతే ముందు పోయేది ఆ కదలికే, శ్వాస ఆగేది ఆ తర్వాత. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే సిద్ధంగా ఉండాలి. కాగితం మీద తేలిన అంకె ఆ తల్లి కిడ్నీలు పనిచేస్తున్నంతసేపే సరైనది. ఈ ముక్క పాఠంలో ముందే చెప్పి ఉంటే లెక్కల మీద భయం పోయి శ్రద్ధ వచ్చేదని నా నమ్మకం.

ఐసీయూలో బీపీ పెంచడానికి ఇచ్చే డోపమిన్ లెక్కలోకి పేషెంటు బరువు కూడా వచ్చి చేరుతుంది. 60 కిలోల మనిషికి నిమిషానికి కిలోకి 5 మైక్రోగ్రాములంటే నిమిషానికి 300, గంటకు 18 మిల్లీగ్రాములు. 200 మిల్లీగ్రాముల ఆంపూల్‌ని 50 మి.లీ. చేస్తే మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములు, కాబట్టి గంటకు 4.5 మి.లీ. దశాంశ బిందువు జారి 45 పడితే పంపు అడ్డు చెబుతుందని నమ్మకం లేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌తో ఇంకో తిప్పలు: అదే 5 మి.లీ. వయల్ మిల్లీలీటరుకు 1,000 యూనిట్లదీ దొరుకుతుంది, 5,000 యూనిట్లదీ దొరుకుతుంది.

ఇలాంటి మందుల లెక్కను ఇద్దరు సిస్టర్లు చూడాలంటారు. చాలాచోట్ల రెండో ఆమె మొదటి ఆమె కాగితం చూసి తలూపుతుంది. అలా చూస్తే, మొదటి ఆమె తప్పు చేసి ఉంటే కన్ను ఆ తప్పు వెంటే పోతుంది. రెండో ఆమె ఆంపూల్, కేస్ షీటు, బరువు మాత్రం తీసుకుని వేరుగా లెక్క కట్టాలి, ఇద్దరి అంకె కలిశాకే పంపు మొదలుపెట్టాలి. స్టూడెంట్లకు రెండో సంవత్సరం నుంచే స్కిల్ ల్యాబులో ఖాళీ ఆంపూళ్లు చేతికిచ్చి, జంటలుగా ఇలాగే చేయించాలి.