తెరచాపలు నేసిన ఊరు

"మావయ్యా! కోటలూ రాజభవనాలూ చాలా చూశావు. ఇవాళ నీకొక నేతగాళ్ళ ఊరు చూపిస్తాను, రా" అన్నాడు మా మేనల్లుడు.

వాడు ఫ్రాన్సులో, రెన్ పట్టణంలో చదువుకుంటున్నాడు. మే నెల సెలవులలో వాడి దగ్గరకు వెళ్ళినప్పటి మాట ఇది. నేతగాళ్ళ ఊరు అనగానే నాకు పెడన కళ్ళలో మెదిలింది. అది మా తాతగారి ఊరు. అక్కడి పాత యింట్లో ఆయన కూర్చున్న మగ్గం గుంట ఇంకా ఉంది. దాన్ని పూడ్పించి సిమెంటు చేయిద్దామని అన్నయ్య అంటే, బయలుదేరేముందే నేను సరే నన్నాను.

ఫ్రాన్సుకు పడమటి కొస బ్రిటనీ. అక్కడ కెంపేర్ పట్టణం దాటి 17 కిలోమీటర్లు పోతే లొక్రొనాన్ వస్తుంది. జనం 800 మంది ఉంటారేమో! నడిబొడ్డున రాళ్ళు పరచిన చౌకు, మధ్య ఒక నుయ్యి, చుట్టూ బూడిదరంగు నల్లరాతి యిళ్ళు. ఎక్కడా కరెంటు తీగ కనబడదు, అన్నీ భూమిలోనే. ఇంగ్లండు కథ అయిన, 1979లో వచ్చిన 'టెస్' చిత్రంలో కొంత భాగాన్ని ఇక్కడే తీశారంటే ఆశ్చర్య మేముంది?

చౌకు పక్కనే పదిహేనో శతాబ్దపు చర్చి. దాని నానుకొన్న చిన్న మందిరంలో రొనాన్ మునీశ్వరుని సమాధి. ఆయన ఐర్లండు నుంచి వచ్చిన తపస్వి. ఆయన నడిచిన దారి అని చెప్పే 12 కిలోమీటర్ల మేర ఆరేళ్ళ కొకసారి జూలైలో జనం పతాకాలు పట్టుకొని గిరిప్రదక్షిణంలా తిరుగుతారు. 2019లో జరిగింది, 2025లో జరిగింది, మళ్ళీ 2031లోనే. దీన్ని 'త్రొమెనీ' అంటారు. దారిలో ఒక పెద్ద బండ ఉంది. సంతానం లేని స్త్రీలు పూర్వం దానిమీద కూర్చుని మొక్కుకొనేవారట. దేశ మేదైతేనేం, తల్లి మనసు ఒకటే గదా!

చౌకులో ఒక పెద్ద మేడ చూపించి, "ఇది ఈస్టిండియా కంపెనీ వాళ్ళ కచ్చేరీ" అన్నాడు మావాడు.

"ఈ కొండమీద కంపెనీ కేం పని?"

"తెరచాపలు, మావయ్యా! ఇక్కడివాళ్ళు జనుము వంటి నారతో గుడ్డ నేస్తే, పెద్ద పెద్ద ఓడలకు కట్టేవారు."

నేను నుయ్యి పళ్ళెం మీద కూర్చుండిపోయాను. 1664లో పుట్టిన ఆ ఫ్రెంచి కంపెనీ 1669లో మన మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. దేనికోసం? మనవాళ్ళు నేసిన బట్టలకోసం. మచిలీపట్నానికీ పెడనకూ ఎంత దూరం? ఇక్కడి గుడ్డ గాలి పోసుకొని వెళ్ళి, అక్కడి గుడ్డను మోసుకొని వచ్చిందన్నమాట! ఒకరి ముఖ మొకరు చూడని రెండు ఊళ్ళ నేతగాళ్ళు, వందల యేళ్ళ క్రితమే ఒకే ఓడ కెక్కారు.

చౌకు నుంచి మోల్ వీధి పల్లానికి దిగుతుంది. షావుకార్ల యిళ్ళు పైన. నేతగాళ్ళ యిళ్ళు యీ దిగువ వీధిలో. వీధి చివర ఒక చిన్న గుడి, ఊటబావి. పదునాలుగవ లూయీ కాలంలో ఈ ఊరి గుత్తహక్కు పోయింది. ఇతర పట్టణాలు పోటీకి వచ్చాయి. మగ్గాలు మూగబోయాయి. కొత్త యిళ్ళు కట్టుకొనే స్తోమత లేక పాతవే నిలిచిపోయాయి. ఇప్పుడు అందరూ మెచ్చుకొనే అందం ఆనాటి లేమి మిగిల్చినదే!

మావాడు వెన్నా పంచదారా ఓడుతున్న 'కూయిన్ అమన్' రొట్టె కొనిపెట్టాడు. మధురంగానే ఉంది. కాని నా చెవులు ఆ వీధిలో నాడె చప్పుడు వెతుకుతున్నాయి. అరుగులున్నాయి, గుమ్మాలున్నాయి, గుమ్మాల్లో పూలకుండీలున్నాయి. చప్పుడు మాత్రం లేదు. పెడనలో ఆ చప్పుడు తగ్గింది గాని, ఇంకా పూర్తిగా ఆగలేదు.

ఆ రాత్రి అన్నయ్యకు ఫోను చేశాను.

"గుంట పూడ్పించావా?"

"రేపు మేస్త్రీ వస్తానన్నాడు. ఏం?"

"నేను వచ్చేదాకా ఆగమను."

"మగ్గమే లేదు గదరా, ఉత్త గుంట ఏం చేసుకుంటావ్?"

దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చాక మాట్లాడదామన్నాను.